మెదడు మీది మానవాకృతి: పెన్‌ఫీల్డ్ చిత్రపటం – ఒక విమర్శ

శరీర చలనాన్ని బోధించే పాఠ్యగ్రంథాలలో తరచుగా కనిపించే చిత్రం ఒకటుంది. మస్తిష్క వల్కలం అంచు వెంబడి తలకిందులుగా పరచుకొన్న వికృత మానవాకృతి అది. పెదవులు, చేతి వేళ్లు మితిమీరి పెద్దవి. మొండెం బహు సన్నం. మాంట్రియల్ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1937లో ఎడ్విన్ బోల్డ్రీతో కలిసి ఈ ఆకృతిని తొలిసారి ప్రకటించారు. 1950లో థియోడర్ రాస్ముస్సెన్‌తో కలిసి రాసిన గ్రంథం ద్వారా అది సుప్రసిద్ధమైంది. మెలకువతో ఉన్న మూర్ఛ రోగుల మెదడును శస్త్రచికిత్స వేళ స్వల్ప విద్యుత్తుతో తాకి గమనించిన ఫలితాలే దీనికి ఆధారం.

చిత్రంలోని ప్రధాన గుణం స్పష్టత. వల్కలంలో ఒక అవయవానికి దక్కే చోటును నిర్ణయించేది దాని పరిమాణం కాదు, దాని కదలికల సూక్ష్మతేనని ఒక్క చూపులో తెలుపుతుంది. అయితే దోషం కూడా ఆ స్పష్టతలోనే ఉంది. పెన్‌ఫీల్డ్ నమోదు చేసిన బిందువులు ఒకదాని పరిధిలోకి మరొకటి చొచ్చుకువచ్చాయి. చిత్రంలో మాత్రం అవయవాలు వరుసగా, విడివిడిగా నిలిచాయి. దానితో వల్కలం హార్మోనియం మెట్ల వంటిదనీ, ఒక మెట్టు నొక్కితే ఒక కండరం పలుకుతుందనీ పాఠకుడు భావిస్తాడు.

తరువాతి పరిశోధన ఈ భావనను సడలించింది. 2002లో మైకేల్ గ్రాజియానో బృందం కోతుల వల్కలాన్ని అర సెకను పాటు ప్రేరేపించగా, చేయి నోటి వద్దకు చేరడం వంటి సంపూర్ణ చేష్టలు వెలువడ్డాయి. ముఖం, చేయి, కాలు ప్రాంతాల నడుమ చర్యల ప్రణాళికతో ముడిపడిన మండలాలు ఉన్నాయని 2023లో ఇవాన్ గోర్డన్ బృందం చూపింది.

చిత్రం చెప్పని మరొక సత్యం, కండరానికి చేరే దారులు అనేకమని. వల్కలం నుండి బయలుదేరే తంతువులలో అధికభాగం మజ్జాముఖం వద్ద ఎదుటి పక్కకు దాటి వెన్నుపాములోకి దిగుతాయి. మెదడుకాండం నుండి దిగే మార్గాలు వేరు. వెన్నుపాము సొంతంగా నడిపే ప్రతిచర్యలు వేరు. పక్షవాతం వచ్చిన వ్యక్తిని పళ్లు చూపమంటే నోటి ఒక పక్క కదలకపోవచ్చు. అదే వ్యక్తి హాస్యానికి నవ్వినప్పుడు రెండు పక్కలా కదలవచ్చు. సంకల్పపు దారి తెగినా భావోద్వేగపు దారి మిగిలి ఉండటమే ఇందుకు కారణం. ఒకే దారిని నమ్మిన బంధువులకు ఇది నటనగా తోస్తుంది. చిత్రపటంలోని లోపం అక్కడ ఒక రోగిపై అపనిందగా మారుతుంది.

కనుక ‘మెదడు ఆజ్ఞాపిస్తుంది, కండరం పాటిస్తుంది’ అనే బోధనా వాక్యం సవరణ కోరుతున్నది. పెన్‌ఫీల్డ్ చిత్రాన్ని తొలగించనక్కరలేదు. దాని పక్కన, దిగివచ్చే ఈ మార్గాల పటాన్ని కూడా ముద్రించాలి.