నేరవార్తల్లో మైనారిటీలు: మలక్‌పేట - దిల్‌సుఖ్‌నగర్ ఉదాహరణ

పరిచయం

దినపత్రికలో వివక్ష తిట్టు రూపంలో కనిపించడం అరుదు. శీర్షికలో వాడిన పదం, వార్తకు కేటాయించిన చోటు, ఎవరి మాటను వేశారన్న ఎంపిక - ఇవే దాని స్థావరాలు. డచ్ పరిశోధకుడు త్యూన్ వాన్ డైక్ బ్రిటిష్, డచ్ పత్రికలను పరిశీలించి 1991లో ఒక గ్రంథం ప్రచురించాడు. మైనారిటీలు, వలసవచ్చినవారు ఎక్కువగా నేరం, ఘర్షణ, సమస్య అనే అంశాల కిందే వార్తలకెక్కుతారనీ, తమ గురించిన వార్తల్లో కూడా మాట్లాడే అవకాశం వారికి తక్కువగా దక్కుతుందనీ అతడు చూపాడు. మన దగ్గర ఈ వివక్ష రంగును బట్టి కంటే మతం, ప్రాంతం, బస్తీ పేరును బట్టి పనిచేస్తుంది. ఈ భాగంలో హైదరాబాదు తూర్పు ప్రాంతానికి సంబంధించిన రెండు సందర్భాలను పరిశీలిద్దాం.

2007: పోలీసు కథనమే వార్త

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల వద్ద పేలుళ్లు జరిగాయి. అదే రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు దొరికింది. తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పోలీసులు పట్టుకున్నారు. అప్పటి నేరవార్తల్లో ఎక్కువ భాగం పోలీసు కథనం మీదే నడిచింది. స్టూవర్ట్ హాల్, అతని సహచరులు 1978లో చెప్పిన సూత్రం ఇక్కడ వర్తిస్తుంది: ఒక ఘటనకు తొలి అర్థం చెప్పే అవకాశం పోలీసులు, అధికారుల చేతిలో ఉంటుంది, తర్వాత వచ్చే మాటలన్నీ దానికి జవాబుగానే మిగులుతాయి. సాయంత్రం ఎడిషన్ గడువు తరుముతుంటే విలేకరికి అందుబాటులో ఉండేది పోలీసు అధికారి విలేకరుల సమావేశమే.

అయితే వేరే ఆధారాలు లేకపోలేదు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది ఎల్. రవిచందర్ నిర్బంధంలో ఉన్నవారిని కలిసి, చిత్రహింసల ఆరోపణలను నమోదు చేసి నివేదిక ఇచ్చారు. అనంతరం ఎంతోమంది నిర్దోషులుగా విడుదలయ్యారు. 2011-12లో ప్రభుత్వం సుమారు 70 మందికి పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. డబ్బు సంగతి అటుంచితే, పత్రికలో పడిన పేరుకు పరిహారం ఏమిటి? ఉద్యోగం ఇచ్చేవాడికి, ఇల్లు అద్దెకిచ్చేవాడికి గుర్తుండేది అరెస్టు వార్తే.

2013: నిజమైనప్పుడు కూడా

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు పేలుళ్లు జరిగి 18 మంది మరణించారు. 2016 డిసెంబరులో ఎన్ఐఏ ప్రత్యేక న్యాయస్థానం ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఐదుగురికి మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దానిని ఖరారు చేసింది. "అయితే అనుమానించడం తప్పేమీ కాదుగదా" అని విద్యార్థులకు అనిపించవచ్చు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. శిక్షపడిన ఐదుగురిలో హైదరాబాదీ ఒక్కడూ లేడు. వారు ఇతర రాష్ట్రాలవారు, ఒకడు పాకిస్తానీ. కాబట్టి ఆ తీర్పు మలక్‌పేట వీధుల్లోని ఎవరి మీదా అనుమానాన్ని రుజువు చేయలేదు. రెండవది, నేరం ఎవరు చేశారన్నది న్యాయస్థానం తేల్చే ప్రశ్న. ఆ రాత్రికి పత్రికకు ఏమి తెలుసు, ఎలా తెలుసు అన్నది మన ప్రశ్న. ఊహ తర్వాత నిజమైనా, రాసిన రోజున అది ఊహే.

ఈ కొలబద్ద అందరికీ ఒకటే కావాలి. మక్కా మసీదు కేసులో తర్వాత హిందూ సంస్థలకు చెందినవారిని నిందితులుగా చేర్చినప్పుడు 'కాషాయ ఉగ్రవాదం' అనే ముద్ర పత్రికలకెక్కింది. 2018 ఏప్రిల్ 16న న్యాయస్థానం ఐదుగురిని నిర్దోషులుగా ప్రకటించింది. విచారణకు ముందే మతానికి ముద్ర వేయడం అక్కడా దోషమే.

మనవారు బాధితులైనప్పుడు

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్‌లో ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపారు. తెలుగు పత్రికలు దాన్ని జాత్యహంకార హత్య అని సూటిగానే రాశాయి. అతని చదువు, కుటుంబం, స్నేహితుల మాటలు ప్రచురించి అతణ్ని మనిషిగా నిలబెట్టాయి. ఇది సరైన పనే. ఇదే శ్రద్ధ ఇక్కడి నైజీరియన్ విద్యార్థికి, బాలాపూర్ గుడిసెలోని రోహింగ్యాకు దక్కుతున్నదా? ఒక్కరి మీద కేసు పడితే శీర్షికలో దేశం పేరు వస్తుంది. స్థానికుడి మీద అదే కేసు పడితే 'యువకుడి అరెస్టు' అని సరిపెడతారు. విమర్శ మొదలుకావలసింది ఈ తేడా దగ్గరే.

సారాంశం

పక్షపాతాన్ని గుర్తించడానికి విలేకరి మనసును చదవనక్కరలేదు. పేజీని చదివితే చాలు. 'పోలీసుల ఆరోపణ' అన్న మాట శీర్షికలో ఉందా, నిందితుడి పక్షం వార్తలో ఉందా, అరెస్టుకు ఇచ్చినంత చోటు విడుదలకూ ఇచ్చారా అని చూడాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఒక వారం పాటు మీ జిల్లా ఎడిషన్‌లోని నేరవార్తలు సేకరించండి. ఎన్నింటిలో నిందితుడి మతం, దేశం లేదా బస్తీ పేరు అవసరం లేకుండా వచ్చిందో గుర్తించండి.

2. "ఊహ తర్వాత నిజమైనా, రాసిన రోజున అది ఊహే" - ఈ అభిప్రాయాన్ని చర్చించండి.