పిట్ట దాచినా కన్ను దాటదు

మన ఊళ్లలో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జీలను ఏళ్ల తరబడి పెంచినవాళ్ల పక్కన ఒక పొద్దున కూర్చుంటే చాలు, చూడటం ఎంత పెద్ద విద్యో తెలుస్తుంది. వాళ్లు పంజరం దగ్గరికి గబుక్కున వెళ్లరు. గుమ్మంలోనే ఆగి, పిట్టలు తమను గమనించకముందే అన్నిటినీ ఒకసారి కలయజూస్తారు. మనిషి ఎదురుపడ్డాక బడ్జీ ఈకలు సర్దుకుని నిటారుగా నిలబడుతుంది, జబ్బును దాచేస్తుంది. ఆస్ట్రేలియా మైదానాల్లో గుంపులుగా తిరిగే జాతి ఇది. అక్కడ నలతగా కనిపించిన పిట్టే ముందు డేగ వాత పడుతుంది. జాన్ గౌల్డ్ 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండు చేర్చాక ఎన్ని తరాలు పంజరాల్లోనే పుట్టి పెరిగినా ఆ బెదురు మాత్రం పోలేదు.

అందుకే పెద్ద పెంపకందార్లంటే నాకంత గౌరవం. వాళ్ల కళ్లు ముందు కాళ్ల మీదికి పోతాయి. ఆరోగ్యంగా ఉన్న బడ్జీ సాధారణంగా ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుని కునుకు తీస్తుంది. రెండు కాళ్ల మీదా చతికిలబడి, ఉబ్బిపోయి, తోటివి కిచకిచలాడుతుంటే తను కళ్లు మూస్తోందంటే అనుమానించాల్సిందే. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక ఊగుతుంటే ఇక అనుమానం కాదు, ఆపదే. తల మీది ఈకలు జిగురుగా అంటుకుని ఉంటే అది వాంతి చేసుకుంటోందని అర్థం. జతకు మేత అందించడానికి తల ఆడిస్తూ కక్కడం వేరు, ఇది వేరు. ఎదిగిన మగదాని ముక్కు మీది నీలం తోలు గోధుమరంగుకు తిరిగిందా, లోపల వృషణంలో కంతి పెరుగుతూ ఉండొచ్చు. వేలెడంత ముఖంలో ఒక రంగు మార్పును పట్టుకుని కడుపులో ఏముందో ఊహించగలగడం మాటలా!

రెట్ట చదవడంలో వీళ్ల నేర్పు ఎంత చెప్పినా తక్కువే. పంజరం అడుగున తెల్ల కాగితం పరుస్తారు. ముదురాకుపచ్చ మలం, తెల్లటి మూత్రపు ముద్ద, చుట్టూ కాస్త తడి, మూడూ విడివిడిగా కనిపించాలి. దోసకాయ తిన్నరోజు తడి ఎక్కువైతే కంగారుపడరు. తెల్లభాగం పచ్చబడితే కాలేయం సంగతి చూడమంటారు. గింజలు అరగకుండా పడ్డాయా, వెంటనే తూకం వేస్తారు. మామూలు బడ్జీ 30 నుంచి 40 గ్రాములు. అందులో 3, 4 గ్రాములు తగ్గిందంటే పదో వంతు శరీరం కరిగిపోయిందన్నమాట! గ్రాములు చూపే వంటింటి త్రాసు ఉన్న ఇంట్లో ఇది వారానికోసారి చేసే పని. గిన్నె నిండుగా ఉందికదా అని మోసపోకూడదు, పైనున్నది పొట్టు కావచ్చు.

రాబర్ట్ స్ట్రౌడ్ అనే ఖైదీ అమెరికాలోని లెవెన్‌వర్త్ జైలు గదిలో కానరీలను పెంచి, వాటిని చూసిచూసి పక్షుల జబ్బుల మీద 1943లో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. అందులోని మందులు పాతబడినా ఆ ఓపికకు దండం పెట్టాలి.

జబ్బు కనిపెట్టాక మొదటి మందు వెచ్చదనం. పంజరానికి మూడు వైపులా గుడ్డ కప్పి, ఒక పక్కనే బల్బు పెట్టి, 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. వేడెక్కువైతే పిట్ట జరగడానికి రెండో పక్క చోటుండాలి. కొర్రకంకి, నీళ్లు అడుగునే అందేట్టు పెడతారు. పట్టుకోవాల్సి వస్తే రొమ్ము నొక్కరు. రొమ్ము కదలకపోతే పిట్టకు ఊపిరే ఆడదు. నోట్లో నీళ్లు పొయ్యరు, అవి గాలిగొట్టంలోకి పోతే అంతే. ఆ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

ఇంత నేర్పు పక్కన దుకాణాల్లో నడిచే వైద్యం చూస్తే ఒళ్లు మండుతుంది. తుమ్మినా, ఉబ్బినా, వాంతయినా ఒకటే సలహా: టెట్రాసైక్లిన్ పొడి నీళ్లలో కలపండి! బడ్జీ ఎడారి పిట్ట, తాగేదే చుక్కలు. జబ్బు పడితే అదీ తాగదు. మందు ఎంత లోపలికి పోయిందో ఎవరికి తెలుసు? గింజలు అరగనివ్వని మాక్రోరాబ్డస్ ఒక బూజు జాతి, దానికీ పొడి పనిచేయదు. ముక్కు చుట్టూ తేనెపట్టులా పొక్కులు కట్టేది పురుగు, దానికీ పనిచేయదు. చిలుకల జ్వరమైన సిట్టకోసిస్‌కు డాక్సీసైక్లిన్ సుమారు 45 రోజులు ఇవ్వాలి. మూడురోజుల పొడితో జబ్బు నివురుగప్పి, ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తులకూ పాకగలదు. 1929-30లో చిలుకల నుంచి అంటుకున్న ఈ జ్వరమే యూరప్, అమెరికాలను వణికించింది. పిట్టలున్న ఇంట్లో తగ్గని జ్వరం, దగ్గు వస్తే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

అమ్మేవాళ్లకు నా విన్నపం: ఉబ్బి కూర్చున్న పిట్టను మంచివాటి మధ్య పెట్టి అమ్మకండి. కొనేవాళ్లు కొత్త పిట్టను 30 రోజులు వేరే గదిలో ఉంచండి. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాల పెద్దలకు చేతులు జోడించి అడుగుతున్నాను: ఈ పాతకాపు పెంపకందార్లను పిలిచి, విద్యార్థులతో పాటు ఒక పూట పంజరం ముందు కూర్చోబెట్టండి.