సర్టిఫికెట్‌లో కనిపించని నష్టం

యాక్సిడెంట్ కేసుతో వచ్చిన మనిషిని మేం వకీళ్లం ముందుగా అడిగేవి కాగితాలు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, గుద్దిన బండి ఇన్సూరెన్సు పాలసీ. అవన్నీ కావలసినవే. కానీ ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు గట్టిగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ‘నువ్వు రోజూ ఏం పని చేస్తావు, ఎలా చేస్తావు?’ అని ఓపిగ్గా అడిగిన కేసులోనే న్యాయమైన పరిహారం వస్తుంది.

ఒక తాపీమేస్త్రీ సంగతే తీసుకుందాం. వయసు 34, నెల సంపాదన 15 వేలు. లారీ గుద్ది కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యం అని రాసిచ్చింది. చాలా పిటిషన్లలో ఆ 40నే ఎత్తి రాసేస్తారు. అప్పుడు లెక్క ఇలా నడుస్తుంది. సుప్రీంకోర్టు 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం, 40 ఏళ్లలోపు ఉండి సొంత రెక్కల మీద బతికే మనిషికి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. నెలకు 21 వేలు, ఏడాదికి 2,52,000 అవుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పు ఈ వయసుకు నిర్ణయించిన మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, 16. మొత్తం 40,32,000. అందులో 40 శాతం 16,12,800.

ఇప్పుడు అదే మనిషిని కూర్చోబెట్టి అడగండి. గోడ ఛాతీ ఎత్తు దాటాక ఇటుక ఎలా పెడతావు? సీలింగు ప్లాస్టరింగ్ చేయగలవా? పరంజా ఎక్కి పట్టు నిలుపుకోగలవా? అతనికి ఇక మేస్త్రీ పని దొరకడం కష్టమని ఆ జవాబుల్లోనే తెలిసిపోతుంది. ఇలాంటి చోట శరీర వైకల్యాన్ని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చెయ్యి పోయినా గుమాస్తా ఉద్యోగం నిలబడవచ్చు, డ్రైవరుకూ వడ్రంగికీ అలా కాదు అని వివరించింది. మన మేస్త్రీకి ఆ నష్టం 80 శాతమని రుజువు చేయగలిగితే పరిహారం 32,25,600 అవుతుంది. సరిగ్గా రెట్టింపు.

రుజువు చేయడానికి శ్రమ పడాలి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు చేత సాక్ష్యం చెప్పించాలి. ఆయన కోర్టుకు రాలేకపోతే కమిషనర్‌ను వేయించుకుని ఆసుపత్రిలోనే నమోదు చేయించాలి. పనిచ్చిన కాంట్రాక్టరునో తోటి మేస్త్రీనో బోనెక్కించాలి. గాయపడింది గృహిణి అయితే ‘ఇంట్లోనే ఉంటుందండీ, ఏ పనీ చేయదు’ అన్న మాటతో ఆగిపోకూడదు. ఆమె శ్రమకూ ఆదాయం కట్టి లెక్క వేయాలని 2021లో కీర్తి కేసులో తీర్పు ఉంది.

ఈ శ్రమ తప్పించుకోవాలనుకునే చోట లోక్ అదాలత్ రాజీ సులువుగా కనిపిస్తుంది. రాజీ చెడ్డది కాదు, డబ్బు త్వరగా చేతికొస్తుంది. కానీ ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. తనకు ఎంత రావాలో లెక్క తెలియకుండా పెట్టే సంతకం పేదవాడిని ముంచుతుంది. ఇక మా ఫీజుల సంగతి. వచ్చే సొమ్ములో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. అయినా ఆ బేరాలు సాగుతున్నాయి. మా వృత్తి సిగ్గుపడవలసిన విషయమిది.

పాఠకులకు నా మనవి. పిటిషన్‌కు చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు, ఆలస్యం చేయకండి. మీరుండే ఊరు ఏ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తే అక్కడే వేసుకోవచ్చు. కూలి డబ్బులు ఫోన్‌పేలో పడి ఉంటే ఆ స్టేట్‌మెంట్ తీసి దాచండి. ప్లీడరు గారు అడగకపోయినా మీ పని గురించి మీరే వివరంగా చెప్పండి. రాజీ కాగితం మీద సంతకం పెట్టే ముందు లెక్క చూపించమని అడగండి. అది మీ హక్కు.