గిటారు పికప్‌ల పోలికలో ఒక లోపము

విద్యుత్ గిటారులో ఉక్కు తీగల క్రింద అయస్కాంతమును, సన్నని రాగితీగతో వేలకొలది చుట్లు చుట్టిన తీగచుట్టను అమర్చుదురు. దీనినే పికప్ అందురు. పై తీగ కంపించినపుడు చుట్టలో అయస్కాంత అభివాహము మారును. ఫారడే 1831లో కనుగొన్న సూత్రము ప్రకారము విద్యుచ్చాలక బలము పుట్టును. ఇంతవరకు పేచీ లేదు. ఒక పికప్ "వెచ్చగా", మరియొకటి "గాజువలె" పలుకునని పోల్చుటలోనే చిక్కంతయు నున్నది.

ఇట్టి పోలికలలో తరచు ఎదురెదురుగా నిలుచునవి రెండు. ఒకటి 1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లోని ఒంటిచుట్ట పికప్. రెండవది గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించి, 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన జంటచుట్ట పికప్, అనగా హంబకర్. ఇందులో చుట్టలును, అయస్కాంత ధ్రువములును పరస్పర వ్యతిరేకముగా నుండుటచే విద్యుత్ సరఫరా వలన కలుగు రొద రద్దగును, తీగ నాదము మాత్రము కూడుకొనును. చమత్కారమైన ఏర్పాటే.

అమ్మకందారులు సాధారణముగా నిరోధమును చూపుదురు: దీనికి 6 కిలో ఓములు, దానికి 8. దీనినిబట్టి నాదమును ఊహించుట, తూకమునుబట్టి పుస్తకమునకు విలువ కట్టుట వంటిది. చుట్ల సంఖ్య మారకున్నను, మరింత సన్నని తీగ వాడినంత మాత్రమున నిరోధము పెరుగును. నాదగుణమును నిర్ణయించుటలో ముఖ్యమైనవి చుట్ట ప్రేరకత్వము, దానితో కలియు కేబుల్ కెపాసిటీ. ఈ రెండును కలసి ఒక పౌనఃపున్యము వద్ద అనునాదము నిచ్చును. దానికి పైనున్న అనుస్వరములు త్వరగా క్షీణించును.

ఒంటిచుట్ట ప్రేరకత్వము 2.2 హెన్రీలు, జంటచుట్టది 4.4 హెన్రీలు అని తీసికొనవచ్చును. మొత్తము కెపాసిటీ 600 పికోఫారడ్లయినచో అనునాదము మొదటిదానికి సుమారు 4,400 హెర్ట్జ్‌ల వద్ద, రెండవదానికి 3,100 హెర్ట్జ్‌ల వద్ద కలుగును. ఒంటిచుట్టకు పొడవైన కేబుల్ తగిలించి కెపాసిటీని 1,200కు పెంచినచో? అదియు 3,100కే దిగును! కేబుళ్లు వేరైనచో, వినువాడు పికప్‌ను గాక కేబుల్‌ను మెచ్చుకొనుచుండవచ్చును. నాదము మందముగా నున్నదని క్రొత్త పికప్ కొనువానికి పొట్టి కేబుల్ ఒకటి చాలియుండును.

స్థానము మరియొక చిక్కు. వంతెననుండి తీగ పొడవులో నాలుగవ వంతు దూరమున, అనగా 648 మిల్లీమీటర్ల తీగకు 162 మిల్లీమీటర్ల వద్ద, 4వ అనుస్వరమునకు అస్పందన బిందువు. మెడవైపు పికప్ ఇంచుమించు అక్కడనే యుండును. మెట్టుపై నొక్కని తీగలో ఆ అనుస్వరము దానికి దాదాపు వినబడదు. వంతెన దగ్గరి పికప్‌కు స్పష్టముగా వినబడును. ఒక గిటారులో మెడవైపుదానిని, మరియొకదానిలో వంతెనవైపుదానిని పోల్చువారు పోల్చునది స్థానములనే.

కేబుల్, స్థానము, తీగ సమానము చేసి, అనునాదమును సరిపెట్టిన తరువాత కూడ ఒక భేదము మిగులును. జంటచుట్ట తీగను ఒకేసారి రెండు చోట్ల వినును; ఆ రెండు చోట్ల ఎదురెదురు దిశలలో కదలు పై అనుస్వరములు అందులో తగ్గిపోవును. ఒంటిచుట్టకు ఎంత పొడవు కేబుల్ తగిలించినను ఈ గుణము రాదు.