చెంచాడు నెయ్యి

ఆదివారం పొద్దున మా ఇంట్లో వెన్న కాస్తాను. వారం రోజుల మీగడకి శనివారం రాత్రి తోడు పెట్టడం, తెల్లవారాక కవ్వం పట్టడం, చల్లలోంచి వెన్నముద్ద తీసి రెండు నీళ్ళు కడగడం. సంగం జాగర్లమూడికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఇదే పని. నేర్పింది మా అత్తయ్య. ఆవిడ పుట్టిల్లు రేపల్లె వైపు. "కళ్ళతో కాదే అమ్మాయ్, చెవితో చూడు" అనేది. వెన్నలో నీరున్నంతసేపు చిటపటలు, తర్వాత నురుగు, నురుగు అణిగాక ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ క్షణంలో మునగాకు రెబ్బ వేసి పొయ్యి కట్టెయ్యాలి. ఆలస్యమైతే మాడు వాసన, తొందరపడితే పచ్చి వాసన. అడుగున మిగిలే ఎర్రటి గోదారి కోసం పిల్లలు పంచదార గిన్నె పట్టుకుని కాచుకునేవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, సరిగ్గా ఆ నిశ్శబ్దం దగ్గర, కడుపులో తిప్పింది. పొయ్యి ఆపకుండానే పెరట్లోకి పరిగెత్తాను. వెన్న మాడింది. అప్పటికి నాకు గాల్ బ్లాడర్ తీసేసి పదకొండు రోజులు.

అంతకు ముందు మూడుసార్లు నొప్పి వచ్చింది. మూడుసార్లూ విందు భోజనం చేసిన రాత్రే. పూర్ణం బూరెకి బొటనవేలితో చిల్లు పొడిచి నెయ్యి పోసుకోవడం, అర్ధరాత్రి కుడి డొక్కలో మొదలైన పోటు వీపు వెనక రెక్క దాకా పాకడం. గ్యాస్ అనుకున్నాను. వాము నీళ్ళు, ఈనో, సోడా. ఇలాంటి నొప్పి రెండోసారి వస్తే వాముని నమ్ముకోకండి, స్కానింగ్ చేయించుకోండి. కళ్ళు పచ్చబడినా, చలిజ్వరం తోడైనా తెల్లవారేదాకా కూడా ఆగొద్దు. నాకు తెనాలిలో స్కానింగు, గుంటూరులో ఆపరేషను. నాలుగు చిన్న కన్నాలు, రెండో రోజు ఇల్లు. చేతిలో ఒక బుల్లి సీసా, అందులో మిరియాల్లాంటి నల్లరాళ్ళు.

"ఆ సంచి లేకుండా మనిషి బతుకుతాడా?" అని మా ఆయన గుబులు. గుర్రానికి లేదు, ఎలుకకీ లేదు, అవి బతకడం లేదా అన్నాను. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే సర్జన్ మొదటిసారి మనిషికి దాన్ని తీసేశాడు. కెమెరా గొట్టంతో తీసే పద్ధతిని మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇదంతా ఆసుపత్రి మంచం మీద మా అబ్బాయి చదివి వినిపించిందే.

నాకు మాత్రం ఆ అవయవం చేపలోంచి తెలుసు. బొచ్చె చేపని కోసేటప్పుడు కాలేయానికి అంటుకుని ఒక పచ్చటి చేదు తిత్తి ఉంటుంది. అత్తయ్య దాని చుట్టూ చిటికెనవేలితో మెల్లగా గీరి, పగలకుండా ఊడదీసి అవతల పారేసేది. పగిలిందా, ఎన్ని నీళ్ళు కడిగినా ఆ ముక్కలకి చేదు వదలదు. (అది మందని పచ్చిగా మింగేవాళ్ళున్నారు. మూత్రపిండాలు పాడవుతాయి, ఆ పని చెయ్యకండి.) మనలోనూ అదే తిత్తి. కాలేయం రోజుకి ముప్పావు లీటరు దాకా పైత్యరసం చేస్తుంది. తిత్తి అందులో కాస్త తీసుకుని, చిక్కబరిచి, దాచుకుంటుంది. పట్టేది మహా అయితే టీ కప్పులో సగం. కొవ్వు చిన్నపేగులోకి దిగగానే పేగు ఒక హార్మోన్ని వదులుతుంది, తిత్తి పిండుకుంటుంది. తిత్తి పోయాక రసం ఆగిపోదు. కొళాయి సరిగ్గా కట్టని బిందెలాగా బొట్టుబొట్టుగా పేగులోకి కారుతూనే ఉంటుంది. బూరె వచ్చిందని ఒక్కసారిగా పోసేవాళ్ళు మాత్రం ఉండరు.

ఆ హార్మోనే మెదడుకి ఇక చాలు అని కూడా చెబుతుందట. నా లెక్క ఇక్కడే తప్పింది. ఊళ్ళో అందరూ నూనె చుక్క తగలనివ్వొద్దన్నారు. ఎదురింటి వదిన అయితే రోజూ వచ్చి గిన్నెల మూతలు తీసి చూసేది. ఇడ్లీ, చారు, ఆవిరి మీద ఉడికిన సొరకాయ. రెండు నెలలు పోపు వాసన లేని వంట చేసుకుని తిన్నాను. కడుపు నిండేది, ఆకలి తీరేది కాదు. భోజనం అయిన గంటకే బెల్లం డబ్బా దగ్గర తేలేదాన్ని. జన్మలో తీపి అంతగా ముట్టని మనిషిని, రాత్రి పదకొండింటికి బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని పడుకునేదాన్ని. అన్నం రెట్టింపయింది. ఆపరేషన్ తర్వాత చిక్కిపోతావన్నారు. నాలుగు కిలోలు పెరిగాను.

మూడో నెలలో తెనాలి వెళ్ళినప్పుడు బెల్లం జిలేబీ కొట్టు ముందు కాళ్ళు ఆగిపోయాయి. ఖాళీ కడుపున పావుకిలో తిన్నాను. తిరుగు రైలు ఎక్కిన కాసేపటికే కడుపులో ఉరుములు. మా స్టేషను ఎంతో దూరం కాదు. అయినా సంగమేశ్వరుడితో మొదలుపెట్టి దేవుళ్ళందరినీ పిలిచాను. పేగులో మిగిలిపోయిన పైత్యలవణాలు పెద్దపేగుకి దిగితే నీళ్ళని లాగుతాయి, అందుకే ఆ పరుగు. కొందరికి ఇది నెలల తరబడి ఉంటుంది, ఆ లవణాల్ని పట్టేసుకునే పొడి మందు ఉంది. నాకు ఆ ఒక్క పాఠంతో సరిపోయింది.

మర్నాడు డాక్టరుగారికి చెప్పుకుంటే ఆయన నవ్వారు. "నెయ్యి మొత్తం మానెయ్యమని ఎవరు చెప్పారమ్మా? నేను కొన్ని వారాలన్నాను. ఇక కొద్దికొద్దిగా మొదలుపెట్టండి" అన్నారు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం తీసి చూస్తే నిజంగా అంతే ఉంది. మిగతా నిషేధమంతా వదినదీ నాదీ.

మా పాల కేంద్రంలో వెన్న శాతం చూసి గేదెపాలకి డబ్బు కడతారు. సున్నా పాయింటు ఎనిమిది తగ్గినా రైతు ముఖం మాడుతుంది. నేనూ నా నెయ్యిని అలా కొలవడం మొదలుపెట్టాను. మొదటి వారం పప్పులో పావు చెంచా, రెండో వారం అర. పొద్దునా సాయంత్రం కొమ్మమూరు కాలువ గట్టు మీద నడక. ముద్దపప్పులో నెయ్యి పడ్డ రోజు బెల్లం డబ్బా గుర్తుకే రాలేదు. ఆ సంగతి మర్నాడు పొద్దున తట్టింది.

అన్నీ వెనక్కి రాలేదు. రాత్రిపూట వంకాయ వేపుడు తింటే నిద్ర ఉండదు. గారెలు రెండు, మూడోది కుదరదు. ఆకలి పెందలాడే వేస్తుంది, తొందరగా తీరుతుంది. ఒకప్పుడు గిట్టని గోంగూర పులుపు ఇప్పుడు రోజూ కావాలనిపిస్తోంది. ఆవకాయ మాత్రం నన్నేమీ అనలేదు, గుంటూరు జిల్లా మనిషికి అంతకంటే ఏం కావాలి. ఇన్నేళ్ళూ రుచి చూడకుండా కంటి కొలతతో వండాను, చెయ్యి తిరిగిందని గొప్ప. ఇప్పుడు ప్రతి కూరా గరిటె కొసన అరచేతిలో వేసుకుని నాకి చూస్తున్నాను. ఉప్పు తక్కువైందని మా ఆయన అనడం మానేశారు.

ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషను జరిగితే, వాళ్ళ కోసం నెలల తరబడి వేరే గిన్నె పెట్టకండి. నెయ్యి చెంబు పక్కన పెట్టి చిన్న చెంచా ఇవ్వండి.

పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. ఈ ఆదివారం వెన్న కాచాను, మాడలేదు. గోదారి నేనే తిన్నాను, ఒక చెంచాడు.