పొద్దుండగానే ఆగాలి

ఆస్ట్రేలియా లోపలి ఎడారిలో కారవాన్‌తో తిరగాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది బండి గురించి. ఏ కారు, ఎంత ఇంజిన్, ఎలాంటి టైర్లు అని. నేను మాత్రం ముందు మకాం గురించి చెబుతాను. కారవాన్ లాగడం కొన్నాళ్లకు ఎవరికైనా పట్టుబడుతుంది. ఈ రాత్రికి ఎక్కడ ఆగాలో తెలియడం అంత తొందరగా రాదు. ఈ తిరుగుడులో అసలు పనితనం అక్కడే ఉందని నా నమ్మకం.

అడిలైడ్‌లో మా తెలుగు మిత్రులు చాలామంది ఉలూరు రాతికొండ చూడాలంటే విమానం ఎక్కుతారు. కారులో బయల్దేరినవాళ్లు కూడా కూబర్ పీడీలో నేలమాళిగ హోటల్లో ఒక రాత్రి పడుకుని, మిగతా దారి ఎప్పుడు అయిపోతుందా అని చూస్తారు. నాకు కావలసింది ఆ మిగతా దారే. పోర్ట్ ఆగస్టా నుంచి డార్విన్ దాకా స్టువర్ట్ హైవే 2,700 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అందులో రోజుకు మూడు నాలుగు వందలు చాలు. అంతకు మించి పోతే పొద్దుగూకే వేళకు ఇంకా రోడ్డు మీదే ఉంటాం. కంగారూలు మేతకు కదిలేది అప్పుడే. పశువులకు చాలాచోట్ల కంచె ఉండదు. వెనక నుంచి రెండు టన్నుల బరువు తోస్తుంటే ఎంత బ్రేకు వేసినా బండి అనుకున్న చోట ఆగదు.

జులైలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక మామూలు రోజు ఎలా నడుస్తుందో చెబుతాను. పొద్దున్నే పోర్ట్ ఆగస్టాలో ట్యాంకులు నింపుకుంటాం. మనిషికి రోజుకు పది లీటర్ల లెక్కన నీళ్లు. బండి చెడి ఎక్కడైనా చిక్కుకుంటే ఉండాలని విడిగా క్యాన్లు. బియ్యం, డబ్బాలు, పనిముట్లు, బరువైనవన్నీ కింద, ఇరుసుకు దగ్గరగా సర్దుతాం. కారవాన్ బరువులో దాదాపు పదో వంతు కారు వెనకున్న కొక్కెం మీద పడాలి. తోక వైపు బరువెక్కువైతే వేగం అందుకోగానే కారవాన్ అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు కారు బ్రేకు జోలికి పోకూడదు. స్టీరింగ్ పక్కనుండే మీటతో కారవాన్ బ్రేకులు మాత్రమే వేయాలి. వెనక్కి పట్టి లాగినట్టయి బండి తిన్నబడుతుంది.

పింబా దాటాక రోడ్డంతా రోడ్ ట్రెయిన్లదే, అంటే వరసగా ట్రెయిలర్లు లాక్కుపోయే లారీలదే. ఒక్కోటి 53.5 మీటర్ల పొడవుండొచ్చు. వెనక వచ్చే డ్రైవర్ యూహెచ్‌ఎఫ్ రేడియోలో 40వ చానెల్ మీద పలకరిస్తాడు. భయపడి మనం నెమ్మదించకూడదు, పక్కకు దిగిపోకూడదు. ఒకే వేగంతో ఎడమ పక్కన నిలకడగా పోతే అతని లెక్క అతను వేసుకుంటాడు. అతను కుడి పక్కకు వచ్చాక మనం కాలు కాస్త తేలికచేస్తే చాలు. పక్కనుంచి పోతున్నప్పుడు గాలి మొదట బయటికి నెట్టి, ఆ తర్వాత లోపలికి లాగుతుంది. దాటిపోయాక రేడియోలో థాంక్స్ చెబుతాడు. ముఖం చూడని మనిషితో కుదిరే ఆ ఒప్పందమంటే నాకు ఎంతో ఇష్టం.

రోడ్డుకు రెండు పక్కలా వూమెరా నిషిద్ధ ప్రాంతం. 1947లో రాకెట్ల పరీక్షలకు మొదలుపెట్టిన నేల అది. అనుమతి లేకుండా హైవే వదిలి లోపలికి పోకూడదు, విశ్రాంతి స్థలాల్లోనే ఆగాలి. లేక్ హార్ట్ దగ్గర తెల్లటి ఉప్పుపర చూసి, గ్లెండాంబోలో మళ్లీ డీజిల్ పోయించుకుంటాం. అక్కడి నుంచి కూబర్ పీడీ దాకా 250 కిలోమీటర్లలో ఇంకో పెట్రోల్ బంకు లేదు.

మూడు గంటలయ్యేసరికి మకాం వెతకడం మొదలుపెడతాను. లారీలు నిలిచే వరసలో పెట్టను, ఫ్రీజర్ లారీల మోటార్లు రాత్రంతా మోగుతూనే ఉంటాయి. ఎండిన వాగులో అసలే వద్దు. ఇసుక మెత్తగా, నీడ చల్లగా పిలుస్తుంది కానీ, ఎక్కడో కురిసిన వాన నీలాకాశం కింద కూడా వాగై వచ్చేస్తుంది. ఎండుకొమ్మలున్న యూకలిప్టస్ కిందా వద్దు. గాలి లేకుండానే కొమ్మ విరిగి పడుతుంది. పశువుల నీటితొట్టికి దూరంగా ఉండాలి, మనం అక్కడుంటే అవి దాహంతో దూరం నుంచే తిరిగిపోతాయి. తలుపు గాలికి వెనకవైపు, సోలార్ పలక ఉత్తరానికి. మన ఊళ్లో చలికాలపు సూర్యుడు దక్షిణానికి వాలితే ఇక్కడ ఉత్తరానికి వాలుతాడు.

తర్వాత మా ఆవిడ కిందికి దిగుతుంది. “ఇంకొంచెం వెనక్కి రండి... ఎడమ చక్రం కింద చెక్క పెట్టాను... చాలు, ఆపండి!” రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా వదిలిపెట్టదు. మాది గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్. బండి ఒరిగి ఉంటే అది చల్లబడదు.

ఈ దారికి పేరిచ్చిన జాన్ మెక్‌డౌల్ స్టువర్ట్ నాకు గురువులా కనిపించేది ఇలాంటి వేళలోనే. 1862 జులైలో ఖండాన్ని దాటి ఆయన ఉత్తర తీరం చేరింది ఒక్క ప్రయత్నంతో కాదు. నీళ్లు దొరక్కపోతే, తిండి తరిగిపోతే వెనక్కి తిరిగాడు, మళ్లీ వచ్చాడు. ఆయన వెంట వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆ కాలంలోనే అదే ఖండాన్ని దాటబోయిన బర్క్, విల్స్ కూపర్ క్రీక్ దగ్గర చనిపోయారు. పేరు మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చింది. వెనక్కి తిరగగలిగినవాడికి దక్కాల్సిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదనిపిస్తుంది నాకు.

పొయ్యికి కట్టెలు పోర్ట్ ఆగస్టాలోనే కొని తెస్తాం. చుట్టూ ఎండిన మల్గా చెట్లు కనిపిస్తూనే ఉంటాయి, కానీ ఆ తొర్రల్లో బల్లులు, చిన్న జీవాలు కాపురముంటాయి. నిప్పులు కణకణలాడాక వంకాయ కాల్చి పచ్చడి. బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెల తొలి కడుగు. అనంతపురంలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టిన ఇంట్లో పెరిగిన మా ఆవిడకు ఈ పొదుపు ఎవరూ నేర్పనక్కర్లేదు.

చీకటి పడ్డాక దీపాలు ఆర్పేస్తాం. మన దగ్గర దక్షిణపు దిక్కున ఒక పక్కగా కనిపించే వృశ్చికరాశి ఇక్కడ నడినెత్తిన ఉంటుంది. జ్యేష్ఠ నక్షత్రం కోసం మెడ వెనక్కి వాల్చాలి. ఇక్కడి ఆదిమ జాతులలో చాలామంది ఆకాశంలో చుక్కల్నే కాదు, చుక్కలు లేని చీకటినీ చదువుతారు. సదరన్ క్రాస్ పక్కనున్న నల్లమచ్చ ఈము పక్షి తల. పాలపుంత నడుమ సాగే నల్లచారలు దాని మెడ, ఒళ్లు. ఏ కాలంలో అది ఎటు వాలి ఉందో చూసి నేలమీద ఈము గుడ్లు పెట్టే అదను గుర్తుపట్టేవారు. ఒకసారి కనిపించాక ఇక ఆ పక్షిని చూడకుండా ఉండలేం. పట్నపు వెలుతురులో అది కనిపించదు. ఇంత దూరం వచ్చి హోటల్ గదిలో పడుకునేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇక్కడ ఆగడానికి చోటు మిగిలేది మనం ఎలా వదిలి వెళ్తామన్న దాన్ని బట్టి. పొదల వెనక టాయిలెట్ కాగితాలు చూస్తే నాకు కడుపు మండుతుంది. చిన్న పార ఒకటి ఉంటే జానెడు లోతు తవ్వి పూడ్చొచ్చు. కారవాన్ టాయిలెట్ డబ్బా అయితే డంప్ పాయింట్ దాకా మోసుకెళ్లాల్సిందే, ఇసుకలో ఒంపకూడదు. క్యాంపింగ్ నిషిద్ధం అన్న బోర్డులు వెలిసేది ఇలాంటి పనుల వల్లే. నిప్పుల మీద ఇసుక కప్పేసి పోవడం మరీ ఘోరం. లోపలి వేడి గంటల తరబడి ఉంటుంది, ఉత్తకాళ్లతో పరిగెత్తే పిల్లలకు పైకి ఏమీ తెలియదు. నీళ్లే పోయాలి. అందుకే రాత్రి గిన్నెలు కడిగిన నీళ్లు పారబోయకుండా బకెట్లో ఉంచుకుంటాం. తెల్లారి అవి పోసి, కలియబెట్టి, బూడిదలో అరచెయ్యి పెట్టి చూశాకే చక్రాల కింది చెక్కలు తీస్తాం.