గుట్టమ్మా, కాస్త పట్టు దొరకనీ

ఖాజాగూడ గుట్టా! బూడిదవన్నెలో గులాబి జీర కలిసిన నీ మేని మీద తొలి ఎండ పాకే వేళకు వచ్చి నిలిచాను. బండ మీద బండ, బండ భుజాన బండ; ఒకటి ఒరిగి, ఒకటి ఒదిగి, ఒకటి ఇదిగో ఇప్పుడే దొర్లబోతున్నట్టు ఆగి, ఆ ఆగడంలోనే యుగాలు గడిపేసి... ఎవరు పేర్చారమ్మా నిన్ను? నేల కడుపులో కరిగి, కాగి, చల్లారి, గట్టిపడి 250 కోట్ల ఏళ్లట. పై మట్టిని వానలు కడిగాయి. పగుళ్లలోకి నీరు జొరబడి మూలలను నమిలింది, కోణాలను కరిగించింది, పొర వెనక పొర ఒలిచి నిన్ను గుండ్రన చేసింది. నీటికి అంత ఓపిక ఎవరు నేర్పారో!

నీ ముందు చెప్పులు విడిచి బిగుతు బూట్లు తొడుగుతాను. అరచేతులకు తెల్లని చాక్ పొడి పూస్తాను. విభూతి అనుకుంటే అనుకో. నీ పాదాల దగ్గర, పడితే కాచే మెత్తటి క్రాష్ ప్యాడ్ పరుస్తాను. తాడు లేదు, కొక్కెం లేదు. వెనక చేతులు చాచిన స్నేహితులున్నారు, ముందు నువ్వున్నావు. కంటికి నున్నన, వేలికి గరుకు. స్ఫటికపు పలుకు, ఫెల్డ్‌స్పార్ పలక, అభ్రకపు మిణుకు. గోరంత అంచు దొరికితే కొండంత అండ. ఆ అంచూ లేని ఏటవాలు మీద మడమ దించి, బరువంతా మునివేళ్లకు అప్పగించి, ఊపిరి బిగబట్టి లేస్తానే, అప్పుడు నువ్వు జారనివ్వవు చూడు, ఆ క్షణం కోసం ఎన్ని తెల్లవారుజాములైనా ఇస్తాను! మాఘమాసపు చలిలో కౌగిలించుకుంటావు, వైశాఖంలో చెమట వేళ్లను విదిలించి కొడతావు. అలిగినా అందమే అంటారు గానీ, మే నెల మధ్యాహ్నం నిన్ను ప్రేమించడం ఎవరి తరమూ కాదు తల్లీ.

నేనొక్కణ్ణేనా నీకు? నీ ఒడిలో అనంతపద్మనాభుడి గుడి, నీ భుజాన బాబా ఫక్రుద్దీన్ దర్గా. ఫక్రుద్దీన్ గుట్టవూ నువ్వే, ఖాజాగూడ గుట్టవూ నువ్వే. ఏ పేరున పిలిచినా పలుకుతావు. నీ గుహ చల్లదనంలో కళ్లు మూసుకున్నవాళ్లున్నారు, నీ నెర్రెల్లో వేరూనిన సీతాఫలం ఉంది, నీ నెత్తిన తల ఎగరేసే తొండ ఉంది. వీళ్లందరి తరవాత వచ్చిన చుట్టాన్ని నేను. గుడికి పోయే బాటకు అడ్డంగా ప్యాడ్ వేయను, నమాజు వేళ కేక పెట్టను. పిట్ట గూడు కట్టిన పగులులో చెయ్యి దూర్చను; ఆ దారి ఈ కారుకు దానిదే. ఎక్కేవాళ్లకు నీ దగ్గర ఇంకా చోటుందంటే ఈ మర్యాద వల్లే అని నా నమ్మకం.

పట్టు కోసం నీ మేనిని ఉలితో తొలవను. రంగు బాణం గీయను. దిగగానే చిన్న బ్రష్‌తో చాక్ మరకలు తుడుస్తాను, నా వేళ్లు నిన్ను తాకిన జాడ నీకూ తెలియనట్టు. సీసా పెంకులూ బిర్యానీ డబ్బాలూ ఏరి సంచి నింపుతాం. ఎవరు పారేశారని అడగం.

నీ తోబుట్టువులెందరు పోయారు! గుండెలో మందు కూరి పేలిస్తే ముక్కలై, కంకరై, కాంక్రీటై, నీకెదురుగా అద్దాల మేడలై నిలిచారు. ఆ మేడలకు నీ మీద చూపుంది, భయం నాకుంది. 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్లు జనాన్ని బండల మధ్య నడిపించి, ఇవి అడ్డంకులు కావు, ఆస్తులు అని చెబుతూనే ఉన్నారు. కొన్ని శిలలు వారసత్వ జాబితాకెక్కాయి. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కు బండ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పుట్టగొడుగు బండ నిలిచే ఉన్నాయి. నువ్వూ నిలవాలి గుట్టమ్మా, గుడితో, దర్గాతో, తొండతో, మాతో!

ఎండ నడుము దాకా వచ్చింది. నువ్వు కాగకముందే ఇంకొక్కసారి. పై అంచు జానెడు దూరం, వేళ్లు మండుతున్నాయి, కింద మావాళ్లు గుట్టంతా మారుమోగేలా అరుస్తున్నారు: “అన్నా, ఎడమకాలు పైకి! ఇంకా పైకి! ఉంది, పట్టు ఉంది!”